అత్తకు ఇయ్యని నిమ్మకాయ

నిన్న మనవడు కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినాడు. ఆ పుల్లటి వాసన తగలంగానే మా మేనత్త గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. తుంగభద్ర డ్యాం కొత్తగా కట్టిన రోజులు. అత్త, మామ మద్రాసు నుంచి సొంత కార్లో మా కురుగోడుకు వచ్చినారు. మద్రాసులో ప్రతి ఆదివారం సముద్రం ఒడ్డునే కార్లో తిరుగుతారంట. ఈడ డ్యాం చూసొద్దామని పొద్దున్నే బయలుదేరినారు. నేనూ పూలు పెట్టుకొని ఎక్కి కూర్చున్నా. అత్త రెక్క పట్టుకొని దింపేసింది.

“దీనికి కారు పడదు. దోవంతా కక్కుతాది. ఇంటికాడే ఉండనీ.”

అంతవరకు నేను కారే ఎక్కలేదు!

అవ్వ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఆరతి తెచ్చేకి లోపలికి పోయింది. కాయలు లేకుంటే కారు కదలదనుకొని, నాలుగూ తీసి లంగాలో మూటగట్టుకున్నా. కారు దుమ్ము లేపుకుంటా పోయింది. మూట మాత్రం నేను విప్పలేదు.

సాయంత్రం అత్తను ఇద్దరు పట్టుకొని దింపినారు. దోవంతా కక్కింది ఆమే.

“ఒక నిమ్మకాయుంటే ఇయ్యే తల్లీ, వాసన చూస్తా.”

“యాడుండాయత్తా? అవ్వ అన్నీ నీ కారు కిందనే పెట్టె కదా,” అన్నా, మూట గట్టిగా పట్టుకొని.

తర్వాత తెలిసింది, నాకూ కారు పడదు. అందుకే ఎప్పుడెక్కినా చేతిలో నిమ్మకాయ ఉంటాది. వాసన చూసినప్పుడల్లా అత్త గుర్తొస్తాది. ఆ పొద్దు ఒకటి ఇచ్చింటే బాగుండునని మాత్రం ఇప్పటికీ అనిపించదు.