పసుపు పూసుకున్న రోము తల్లి

ఆ రోజుల్లో అమ్మవారు కనిపిస్తే మా చేతులు ఊరుకునేవి కావు. ముందు పసుపు పూసేసి, ఆ తర్వాత ఎవరని అడిగేవాళ్ళం. గిర్మిట్ మీద, అంటే ఏళ్ళ తరబడి కూలి చేస్తామని వేలిముద్ర వేసి, సముద్రం దాటి ఈ దీవికి వచ్చిన మాకు టాబియా ఊరి దగ్గరి చెరకు తోటలే లోకం. నేను కడుపుతో ఉండగా అదృష్టం పండి, కులంబర్ బంగళాలో ఊడ్చి తుడిచే పని దొరికింది. (కులంబర్ అంటే మా చేత పని చేయించే దొర, ఆయన కేక వేస్తే చెరకు కూడా నిటారుగా నిలబడుతుందని మావాళ్ళు నవ్వుకునేవారు.) ఆ పని పోతే మళ్ళీ పార పట్టుకుని సాళ్ళలో వంగాల్సిందే. అలా వంగి బిడ్డను పోగొట్టుకున్న ఆడవాళ్ళు మా కూలీల లైన్ల ఇళ్ళలోనే ఉన్నారు.

ఆ బంగళాలో మూరెడు పాలరాతి బొమ్మ ఒకటి ఉండేది. ఎప్పుడో రోము రాజ్యంలో చెక్కిందట, భూమిలోంచి తవ్వి తీశారట. ఒక చెయ్యి లేదు, రెండో చేతిలో పంట కంకులు. రాతిలో ఆ చీర మడతలు ఎలా తెచ్చారో గానీ, ఊదితే కదులుతాయేమో అనిపించేది. చీపురు పక్కన పెట్టి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయేదాన్ని.

దొర, దొరసాని సువా పట్నం వెళ్ళినప్పుడు ఓడత్తను పిలిచి చూపించాను. (మేమిద్దరం ఒకే ఓడలో వచ్చాం కాబట్టి అత్త, మాకు ఆ వరస రక్తసంబంధం కన్నా గట్టిది.) ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మో, పంట తల్లే ఇది! సేతిలో కంకులు సూడే!"

"సెయ్యి ఇరిగిపోనాది కదత్తా. ఇరిగిన బొమ్మకి పూజ సెయ్యకూడదంటారు?"

"సముద్రం దాటొచ్చినాదే పిల్లా. దాటినోళ్ళలో సక్కగా మిగిలినోళ్ళెవులు? దండమెట్టు, నీ కానుపు సులువుగా అయిపోద్ది."

ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకునే లోపే అత్త రేషన్ పసుపు తడిపి, అమ్మవారికి నిలువెల్లా పట్టించేసింది.

కడిగితే పోలేదు. బూడిదతో తోమినా పోలేదు. "నీ నౌకరీ ఖతమే పిల్లా!" అని అత్త గుండెలు బాదుకుంది. చివరికి పసుపు బట్టలు ఎండకు వెలిసిపోతాయని గుర్తొచ్చి, తల్లిని పెరట్లో ఎండబెట్టి, వడియాలకు కాసినట్టు కాపలా కాశాం. దొర వచ్చేనాటికి తెల్లబడింది, ఒక్క కంకుల సందుల్లో తప్ప.

దొర భూతద్దం తీశాడు. ఆ కంకుల సందుల్లోకి వంగి చూశాడు.

"ఆ కాలంలో దేవతలకు రంగులు పూసేవారు. ఆ రంగు ఇంకా మిగిలే ఉంది! ఇన్నాళ్ళూ మనం చూడనే లేదు!" అని సంబరంగా దొరసానిని కేకేశాడు (బంగళా పని పుణ్యమా అని నాకు ఆ పాటి ఇంగ్లీషు అబ్బింది).

నవ్వు రావాలి గానీ, నాకు ఒళ్ళు జలదరించింది. అంటే ఎప్పటి ఆడవాళ్ళో కూడా ఈమెకు రంగు పూసి, కానుపు గట్టెక్కించమని మొక్కారన్నమాట!

నా కూతురు సులువుగానే పుట్టింది. ఇప్పుడు దానికే మనవలున్నారు. బొమ్మ దొరతో పాటే వెళ్ళిపోయింది. ఎక్కడో అద్దాల బీరువా ముందు పెద్దమనుషులు నిలబడి, మా రేషన్ పసుపును చూసి తలలూపుతూ ఉంటారు. ఊపనీ పాపం. ఆమెను నమ్ముకున్న ఆడవాళ్ళు పూసిన రంగే కదా అది, వాళ్ళనుకున్నదాంట్లో తప్పేముంది?