ఈశాన్యం మూల కిటికీ

మా దివిసీమలో తుఫాను కంటే వాస్తు సిద్ధాంతికే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం. తుఫానైతే ముందుగా కబురు పెట్టి వస్తుంది.

నేను చెక్క ఇళ్ళు డిజైన్ చేస్తాను. గుడివాడ దగ్గర షెడ్డులో గోడలూ కప్పూ ముక్కలుగా తయారుచేసి, లారీలో తీసుకెళ్ళి, స్థలంలో బిగిస్తాం. ఈ మాట చెప్పగానే బందరులో చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "చెక్కిల్లా? మనుషులకా, కోళ్ళకా?" వీళ్ళకి ఇల్లంటే స్లాబు. అది కురుస్తున్నా ఫరవాలేదు, కింద గిన్నె పెట్టుకుని పైన ఇంకో అంతస్తు వేస్తారు.

మా అక్కయ్య ఒక్కతే నవ్వలేదు. హంసలదీవి దగ్గర పల్లెలో ఉంటుంది. ఒక గాలివానకి వాళ్ళ రేకుల కప్పు లేచిపోతే మంచం కింద దూరి ప్రాణాలు దక్కించుకుంది. అప్పటినుంచీ కొబ్బరిమట్ట ఊగినా ఆవిడకి గుండెదడే. "గాలొస్తే పారిపోనక్కర్లేని ఇల్లొకటి కట్టి పెట్టవే" అంది. అంతకన్నా మంచి ఆర్డరు నాకు ఇంతవరకూ రాలేదు.

పెనుగాలి ఇంటిని పక్కకి తోసేస్తుందని అందరూ అనుకుంటారు గానీ, అది కప్పుని పైకి కూడా లాగుతుంది. అందుకే గడ్డివాము మీద మోకులేసి బిగించినట్టు, కప్పు దూలాల్ని గోడలకీ, గోడల్ని పునాదికీ ఇనప పట్టీలతో కట్టేస్తాను. మూలల్లో కిటికీలు పెట్టను. అక్కడ గోడ లోపల ఏటవాలు దుంగ ఒకటి ఉంటుంది, ఇల్లు ఒరిగిపోకుండా ఆపేది అదే. ఇదంతా మా బావగారికి బొమ్మ గీసి మరీ చెప్పాను. రిటైరైన లెక్కల మాస్టారు కదా, శ్రద్ధగా తలూపారు.

గృహప్రవేశం అయిపోయి నేను గుడివాడ వచ్చేశాక సిద్ధాంతి ఊడిపడ్డాడు. ఫోన్లో దిక్సూచి చూసి, ఈశాన్యం మూసుకుపోయింది, యజమానికి అరిష్టం అన్నాడు. బావగారు ఊళ్ళో వడ్రంగిని పిలిపించి ఆ మూల గోడ కోయించి కిటికీ పెట్టించారు. అడ్డొచ్చిందని ఏటవాలు దుంగని కోసేశారు. కిటికీలోంచి ఇనప పట్టీ కనబడితే అసహ్యంగా ఉందని దాన్నీ ఊడబీకించారు. మా వైపు తుఫాను వస్తుంటే గాలి ముందు ఈశాన్యం నుంచే కొడుతుంది. లెక్కల మాస్టారికి ఆ లెక్క ఒక్కటీ అక్కర్లేకపోయింది.

తుఫాను హెచ్చరిక విని, ఇల్లు ఓసారి చూసుకుందామని వెళ్తే ఆ కిటికీ కనబడింది. ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటి బావగారూ?"

"ఈశాన్యం అమ్మాయ్. మూసి ఉండకూడదు. మీ ఇంజనీరింగులో చెప్పరులే."

"గాలి అటునుంచే వస్తుందండీ."

"రానీ. ఈశ్వరుడి మూల అది, ఆయనే చూసుకుంటాడు."

నట్లు బిగించే పని కూడా ఈశ్వరుడికే అప్పగించారన్నమాట. పోనీ ఆ కిటికీకి అడ్డంగా ప్లైవుడ్డు కొట్టిద్దామంటే ససేమిరా అన్నారు. అక్కయ్యని తీసుకుని తుఫాను షెల్టరుకి బయల్దేరాను. బావగారూ వెంటే వచ్చారు. ఈశ్వరుడి మీద నమ్మకం తగ్గి కాదట, అక్కయ్యకి తోడట.

తుఫాను దారి మళ్ళి ఒంగోలు వైపు వెళ్ళిపోయింది. మాకు వాన, ఓ మోస్తరు గాలి. ఇల్లు నిలబడింది. ఆ మాటకొస్తే పక్కింటి కోళ్ళగూడూ నిలబడింది. మర్నాటినుంచీ బావగారు దారినపోయే ప్రతివాడినీ ఆపి, ఈశాన్యం తెరిచాం కాబట్టే తుఫాను తప్పుకుందని చెప్పడం మొదలుపెట్టారు. నందివాడ నుంచి ఒకాయన ఫోన్ చేసి, అలాంటి చెక్కిల్లే కావాలండీ, ఆ మూల కిటికీతో సహా అన్నాడు. టక్కున ఫోన్ పెట్టేశాను.

మొన్న మళ్ళీ వెళ్ళాను. పైన మబ్బు పట్టి ఉంది. గుమ్మం పక్కన సంచి ఒకటి సర్ది పెట్టి ఉంది, అందులో చీరలు, మందులు, టార్చిలైటు.

"ఇంకా ఇదెందుకక్కా?" అన్నాను.

అక్కయ్య ఆ కిటికీ వైపే చూస్తోంది.

"పాతింట్లో ఏ రేకు లేస్తుందో తెలిసేది కాదే," అంది. "ఈ ఇల్లు ఏ మూల నుంచి పోతుందో తెలుసు."