పన్నెండింటికి లేచి నిలబడే పిల్ల

ఆ రోజుల్లో కొల్లేటి పక్కన మా ఊళ్లో, చేపల వ్యాపారం చేసే ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: పిల్లకు ఇంగ్లీషు రావాలంటే సిస్టర్ల బడిలో వెయ్యాలి. ఇంగ్లీషు సంగతి ఎలా ఉన్నా, పదేళ్లలో నాకు ఇంకొకటి పట్టుకుంది. అది క్రమశిక్షణో దెయ్యమో ఇప్పటికీ తేలలేదు. (మా అమ్మ మాత్రం దెయ్యమనే అంటుంది.) రోజూ సరిగ్గా పన్నెండింటికి, మేము గంట సిస్టర్ అని పిలుచుకునే ఒక పెద్దావిడ చర్చి గంట కొట్టేది. ఎక్కడివాళ్లం అక్కడే లేచి, పెన్ను కింద పెట్టి, తల వంచుకుని ఒక నిమిషం మౌనంగా నిలబడాలి. సిస్టర్లు ప్రార్థన చేసుకునేవారు. నేనేమో క్యారేజీలో పప్పు ఉందా, పులుసు ఉందా అని ఆలోచించేదాన్ని.

పది పాసయ్యాక విజయవాడలో కోచింగ్ కాలేజీలో చేర్చారు. నాలుగో అంతస్తు, మూసిన కిటికీలు. గోడ మీద గడియారం కూడా పెట్టలేదు, పిల్లలు దాన్నే చూస్తూ కూర్చుంటారని. మూడో రోజు లెక్కల క్లాసులో నాకు గంట వినిపించింది. సన్నగా, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు. తేరుకుని చూసుకుంటే నిలబడి ఉన్నాను.

"ఏమ్మా, డౌటా?" అన్నారు సారు.

"లేదండీ."

"మరెందుకు లేచావు?"

"తెలీదండీ."

క్లాసంతా నవ్వింది. మర్నాడూ లేచాను, ఆ మర్నాడూ లేచాను. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన నా రూమ్మేటు ఒకరోజు వాచీ చూస్తూ కూర్చుంది. ముల్లు పన్నెండు మీదికి రావడం, నేను లేవడం ఒకేసారి జరిగాయట. "నీ కళ్లు తెరిచే ఉన్నాయే, కానీ మాలో ఎవర్నీ చూట్లేదు" అని, ఆ సాయంత్రమే తన మంచం అవతలి గోడకు జరుపుకుంది. ఆ తర్వాత క్లాసులో ఎవరూ నవ్వలేదు. కబురు తెలిసి అమ్మ వచ్చి తాయెత్తు కట్టింది. మర్నాడు తాయెత్తుతో సహా లేచాను.

అసలు భయం ఎంసెట్ గురించి. పరీక్ష పది నుంచి ఒంటిగంట దాకా, మధ్యలో పన్నెండు. హాల్లో లేచి నిలబడితే కాపీ కొడుతున్నావని పేపరు లాక్కుంటారని సారు ముందే చెప్పారు. సీటు రాకపోతే ఇంటికొచ్చి ఐసుపెట్టెల దగ్గర కూర్చోమని నాన్న కూడా చెప్పేశాడు. అందుకని చున్నీతో నా నడుముని బెంచీకి గట్టిగా కట్టేసుకుని పరీక్షకు కూర్చున్నాను. (నవ్వకండి, మీరైనా అదే చేసేవారు.)

గంట మోగింది. నేను నిలబడ్డాను. రెండు ముళ్లు వేసిన చున్నీ ఊడి కింద పడి ఉంది. ఎవరు విప్పారో, నా చెయ్యి మాత్రం కాదు. పెన్సిలు కింద పెట్టి, తల వంచుకున్నాను. అంత ఎత్తునుంచి జవాబుల కాగితం చూస్తే అప్పుడు కనిపించింది. ఒక ప్రశ్న వదిలేశాను గానీ దాని గడి వదల్లేదు. అక్కణ్ణుంచి పాతిక జవాబులు ఒక్కో గడి పైకి జరిగిపోయి ఉన్నాయి. ఇన్విజిలేటర్ నా దగ్గరికి వచ్చేశాడు.

"కాలు తిమ్మిరెక్కిందండీ" అని కూర్చుని రబ్బరు అందుకున్నాను. సీటు వచ్చింది.

ఆ వేసవిలోనే స్వీట్లు పట్టుకుని గంట సిస్టర్‌కి సీటు సంగతి చెప్పుకుందామని బడికి వెళ్లాను. ఆఫీసులో ఉన్న సిస్టర్ నన్ను కూర్చోబెట్టి, "ఆవిడ పోయి రెండేళ్లయిందమ్మా. మీ బ్యాచ్ వెళ్లిన నెలలోనే. గంట తాడు కూడా విప్పేశాం, ఇప్పుడంతా కరెంటు బెల్లే" అన్నారు. మాట పూర్తవుతూనే నేను కుర్చీలోంచి లేచాను. ఎదురుగా ఆ ఆఫీసు సిస్టరూ లేచారు. బయట ఏ చప్పుడూ లేదు. నిమిషం గడిచాక, "నీకూ వినిపిస్తుందా?" అన్నారు మెల్లగా.

ఇప్పుడు ఆఫీసులో పన్నెండింటికి లేస్తే, ఈవిడకి భోజనానికి తొందరెక్కువ అనుకుంటారు. అనుకోనీ. పెన్ను కింద పెట్టి, ఇవాళ పప్పా పులుసా అని ఆలోచించుకుంటూ, పొద్దుటినుంచి ఏ గడి తప్పానో పైనుంచి ఒకసారి చూసుకుంటాను.