ఆరు చుక్కలు, మూడు భాషలు

ఆరు చుక్కలు. ఒక ఇంట్లో మనశ్శాంతి లేకుండా చేయడానికి అవి చాలు.

మా అక్కకు చిన్నప్పుడే అమ్మవారు పోసి చూపు పోయింది. కోయంబత్తూరు నూలు మిల్లు లైను ఇళ్లలో మేం తెలుగు మాట్లాడతాం, చదువు మాత్రం తమిళంలో. అక్కకు అంధుల బడి హాస్టల్లో ముందు వేలితో తడిమి చదివే ఇంగ్లీషు బ్రెయిలీ నేర్పారు, తర్వాత తమిళం. సెలవులకు వస్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అప్పజెప్పించేది. ఐదు చుక్కల గుంపు ఒకటి ఇంగ్లీషులో ‘విత్’ అనే నిండు మాట. అదే గుంపు తమిళంలో ఉత్త ‘ట’. ఇంకో గుంపు ఇంగ్లీషులో అంకె వస్తోందని చెప్పే గుర్తు, తమిళంలో ‘ణ’.

“ఏదో ఒకటిగా ఉండి చావకూడదా ఇవి?” అని విసుక్కునేదాన్ని.

“నువ్వు ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి మాట్లాడవా? అవీ అంతేనే,” అనేది అక్క.

మా చర్చిలో పొద్దుటి తెలుగు ఆరాధనకు బైబిలు చదివే ముసలాయన పోదనూరులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నాడు. తెలుగు అక్షరం వచ్చినవాళ్లు మాలో ఇంకెవరూ లేరు. ఇక తమిళ ఆరాధనలో కలిసిపోదామన్నాడు సంఘపెద్ద. అక్క ఒప్పుకోలేదు. ముసలాయన వెళ్లేలోగా కీర్తనలు చదివించుకుంటూ, బడివాళ్లిచ్చిన బ్రెయిలీ పలక మీద కాగితం బిగించి, తెలుగు మాటల్ని తమిళ చుక్కలతోనే మొద్దు సూదితో పొడుచుకుంది. తమిళంలో అక్షరాలు లేని గ, బ, దలకు ఇంగ్లీషు చుక్కలే సరిపోయాయట. వింటుంటే నాకు తల తిరిగింది.

ఆదివారం అక్కను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. సంఘపెద్ద ఆ కాగితం తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది తమిళ బడి పలకతో పొడిచింది దానే, కాదా? దీంట్లో తెలుగు ఎట్లా వస్తాది? ఏదో నోటికొచ్చింది చెబుతాది, అంతే.”

ఆయనకు బ్రెయిలీ రాదు. తెలుగు చదవడమూ రాదు. అది తెలుగు కాదని మాత్రం ఎంత గట్టిగా తెలుసో! నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇటియ్యండి మామా. చదివితే తెలుస్తాది,” అంది అక్క.

వాక్యం చదివేటప్పుడు మాలో అందరూ లేచి నిలబడతారు. కంఠతా వచ్చింది చెబితే లేవరు. అక్క మొదలుపెట్టింది. ఒక్కరూ లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఒక చోట ఆమె వేలు ఆగింది. వెనక్కి వెళ్లి, తడుముకుని, తప్పు చదివిన మాట దిద్దుకుని మళ్లీ చదివింది. వెనక వరుసలో, షిఫ్టు దిగి తలలో దూదితోనే వచ్చిన ఒకాయన లేచాడు. తర్వాత బెంచీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. అందరికన్నా చివర లేచింది సంఘపెద్ద.

ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చాడు.

“వచ్చే ఆయితారం కూడా చదువుతాదా ఈ పిల్ల?”

అక్క నా పక్కనే ఉంది. భుజానికి భుజం తగులుతూ ఉంది.

“నన్నే అడగండి మామా,” అంది.

ఆయన నావైపు చూశాడు. నేను అక్కవైపు చూశాను. చివరికి ఆమెవైపు తిరిగి అడిగాడు. అప్పుడు చెప్పింది, చదువుతానని.