పిరికి మెంగియా

మంచు కొండల నడుమ ఎంగడీన్ లోయలో మెంగియా ఉత్తరాలు పంచేది. దానికి తోడు చలికాలమంతా రోజూ పొద్దున్నే చర్చి వెనక పాతిన కొలకర్ర చూసి, రాత్రి ఎంత మంచు పడిందో, గాలి ఎటు వీచిందో కొండల మీద మంచు జారే ప్రమాదం గురించి హెచ్చరికలు రాసేవాళ్ళకు ఫోనులో చెప్పేది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. మంచు సంగతి తెలిసినకొద్దీ ఆమెకు భయం పెరిగింది. ఊళ్ళోవాళ్ళు చాటుగా ‘పిరికి మెంగియా’ అనేవాళ్ళు. మరిది దూరి అయితే మొహం మీదే అనేవాడు.

ఆ ఫిబ్రవరిలో మూడు రోజులు ఎడతెగకుండా మంచు కురిసింది. పడమటి గాలి చెలరేగిపోయింది. నాలుగో పొద్దున ఎండ కాసేసరికి దూరి స్కీలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, మునెత్ శిఖరానికి పోదాం. ఇలాంటి రోజు మళ్ళీ దొరకదు."

"ఇవాళ వద్దు దూరీ. గాలి మోసుకొచ్చిన మంచు అంతా మనమెక్కే తూర్పు వాలు మీదే పేరుకుని ఉంటుంది, ఎప్పుడైనా జారొచ్చు."

"నీ మాట వింటే జూన్ దాకా పొయ్యి కాచుకుంటూ కూర్చోవాలి. రాకపోతే మానెయ్, నేనొక్కణ్ణే పోతా."

ఒక్కణ్ణి పంపలేక ఆమె కూడా బయలుదేరింది. మంచు కింద పడినా జాడ చెప్పేలా గుండెలకు కట్టుకున్న బీకన్లు ఒకదాని కూత ఒకటి అందుకుంటున్నాయో లేదో ఇద్దరూ చూసుకున్నారు.

అడవి అంచున ఆమె పారతో గొయ్యి తవ్వి చూసింది. పైన పలకలా గట్టి మంచు. దాని కింద పొర వేలు తగలగానే పంచదారలా జారిపోయింది. "చూశావా?" అంది. దూరి అప్పటికే కదిలాడు.

పది అడుగులు వేశారో లేదో, కాళ్ళ కింద నేల ఒక్కసారి కుంగినట్టయి ‘ఉంఫ్’మంది. లోపలి పొర కూలిందని మెంగియాకు తెలిసిపోయింది.

"మంచు తేన్చింది వదినా!" అంటూ దూరి పగలబడి నవ్వాడు.

"ఇంకొక్క అడుగు వెయ్యకు. నీకు దండం పెడతా."

"ఆ బండ దాకా వెళ్ళి దిగొచ్చేస్తా. నువ్విక్కడే ప్రార్థన చేసుకో."

వెంటపడి లాక్కొద్దామనుకుంది. కానీ వాలు మీద ఇద్దరి బరువు పడితే ఇంకా ముప్పు. చెట్టు పట్టుకుని నిలబడిపోయింది. అతను వాలు సగానికి చేరేసరికి పైన సన్నటి గీత ఒకటి పరుగెత్తింది. కొండ చర్మం ఊడినట్టు వాలంతా కదిలింది. దూరి చేతులు ఒక్కసారి కనిపించాయి, అంతే.

మంచు ఆగాక పైన ఇంకొంత వేలాడుతూనే ఉంది. అది కూడా ఊడితే తనూ అడుగునే. మెంగియా గట్టిగా ఏడుస్తూనే కిందికి దిగింది. బీకన్‌ను వెతుకులాటకు తిప్పితే అది దూరాన్ని మీటర్లలో చూపింది. నలభై. ఇరవై రెండు. తొమ్మిది. ఒకటిన్నర దగ్గర మోకాళ్ళ మీద కూలబడి పొడుగాటి కడ్డీ గుచ్చింది. మూడోసారి మెత్తగా తగిలింది. ఆ తర్వాత ఆమెకు పార, తన రొప్పు తప్ప ఏమీ తెలియలేదు.

దూరి ముఖం నీలంగా ఉంది. నోట్లో మంచు తీసి ఊపిరి ఊదింది. మళ్ళీ ఊదింది. అతను దగ్గాడు.

"వదినా... స్కీ ఒకటి పోయినట్టుంది."

ఆమె అతని చెంప మీద ఒక్కటిచ్చి, వాటేసుకుంది.

ఆమె ఫోను చేస్తే హెలికాప్టరు వచ్చి అతన్ని తీసుకెళ్ళింది. మోకాలు, రెండు పక్కటెముకలు విరిగాయి. వారం తర్వాత ఆసుపత్రిలో, మెంగియా తెచ్చిన బార్లీ సూపు సగం తాగి దూరి గిన్నె పక్కన పెట్టాడు.

"కాళ్ళ కింద ‘ఉంఫ్’మన్న ఆ శబ్దానికి నాకూ పై ప్రాణాలు పైనే పోయాయి వదినా."

"మరి నవ్వావేం?"

"నవ్వకపోతే నీకు తెలిసిపోతుందని."

మెంగియాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళలో తన హెచ్చరికను నవ్వి కొట్టేసి కొండెక్కినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి; ఆ నవ్వుల వెనక కూడా భయమే ఉందేమో అనిపించింది. సగం మిగిలిన సూపు గిన్నె తీసి మళ్ళీ అతని చేతికిచ్చింది.