వంటగట్టు కింద గంట

బండలోనుంచి నీళ్లు రప్పించగలవాడికి, బండలాంటి నా నోటినుంచి కూడా చివరికి నిజం రప్పించినవాడికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతిని నాతోపాటే సమాధిలోకి తీసుకుపోయేవాణ్ణి. (సమాధి మాట ఇక్కడికి ఎందుకు వచ్చిందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.)

ఆ రోజుల్లో మాబోటి ఇళ్లల్లో వంటంటే నేలమీద కూర్చుని చేసేదే. నిలబడి వండుకునే భాగ్యం హనుమకొండలో ఆఫీసర్ల క్వార్టర్లలో ఉండేవాళ్లదని అనుకునేవాళ్లం. మట్టెవాడలో మా రెండు గదుల ఇంటి వెనుక ఒక రేకుల వంటిల్లు, అందులో పొట్టు పొయ్యి. కోతమిల్లు నుంచి రంపపు పొట్టు సంచిలో మోసుకొచ్చి, పొయ్యిలో గట్టిగా కూరి అంటిస్తే, వంట అయ్యేదాకా పొగ, అయినాక కూడా పొగ. నేను బడిపంతుల్ని, ఆదివారం మందిరంలో పిల్లలకు వాక్యం నేర్పేవాణ్ణి. పొగలో కూర్చున్న నా భార్య కళ్లు ఎర్రబడితే, శ్రమలు మనిషిని పుటం వేస్తాయని ఆమెకు కూడా వాక్యమే చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఆ పుటంలో మొదట నన్ను పెట్టవలసింది.

ఒక వానాకాలం వంటింటి మట్టిగోడ నానిపోయి సరిగ్గా పొయ్యి మీద కూలింది. అప్పుడే నీళ్ల బిందె పట్టుకుని బయటికి వెళ్లిన నా భార్య బతికిపోయింది. అదే నెలలో, ఎన్నేళ్ల కిందటో పేరు రాయించుకున్న గ్యాస్ కనెక్షన్ కూడా వచ్చింది. సిలిండరు నేలమీద, స్టవ్ గట్టుమీద ఉండాలని గ్యాసు ఆఫీసు మనిషి గట్టిగా చెప్పాడు. అంతకుముందు వారమే దవాఖానలో కళ్ల డాక్టరు, ఇంకా పొగలోనే కూర్చుంటే చూపు దక్కదని నా మొహం మీదే అన్నాడు. నా భార్య కూలిన గోడ ముందు నిలబడి మెల్లగా చెప్పింది.

"గోడ ఎట్లనన్న కట్టాలె. గట్టు గూడ కట్టియ్యి. ఆరేండ్ల సంది పొగల కూసుంటాన్న. నాకేం బంగారం కొనియ్యమంటలేను, నా కండ్లు నాకు ఉంచుమంటాన్న."

బంగారం అడిగినా బాగుండేది, లేదని చెప్పి ఊరుకునేవాణ్ణి. కళ్లు అడిగితే ఏం చెప్పను? ఉన్న డబ్బులు గోడకే సరిపోయేలా ఉన్నాయి. అందుకని వంటిల్లు మొత్తం నా తెలివితేటలతో అమర్చడం మొదలుపెట్టాను. గట్టు కింద దిమ్మెలకు బడి కాంపౌండు పాత ఇటుకలు, గట్టు పక్కన అరలకు కిరాణా కొట్టువాడిచ్చిన చాయపత్తి పెట్టెల చెక్కలు. అర తలుపులకు బందులు కొనలేక పాత సైకిలు టైరు ముక్కలు కోసి మేకులు కొట్టాను. (తలుపు తీసిన ప్రతిసారీ అది తిరిగి వచ్చి మోకాలి మీద కొట్టేది.) ఇక గట్టు మీదికి బండ. చవగ్గా వస్తుందని పల్చటి షాబాదు బండ ఒకటి కొని రిక్షాలో తెస్తుంటే, స్టేషన్ రోడ్డు గుంతలో అది రెండయింది. రిక్షావాడు వెనక్కి తిరిగి చూసి, "సారూ, ఇప్పుడు రెండు గట్లు కట్టుకోవచ్చు" అన్నాడు.

మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేశాను. నాలుగో రోజు సమాధుల తోటకు పోయే దారిలో రాళ్లు చెక్కే ఉలి మామ షెడ్డు ముందు నా సైకిలు ఆగింది. ఆగిందని ఎందుకంటున్నానంటే, నేను ఆపానని చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు.

"ఏం సారూ, ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు మామ, చేతిలో ఉలి ఆపి. ఆయన దగ్గరికి ఊరికే వచ్చేవాళ్లు ఉండరు మరి.

"ఎవరు పోలే మామా. వంటగట్టుకు బండ కావాలె. జర చవకల."

"బతికున్నోళ్లకు రాయి కొట్టక ఎన్నేండ్లాయెనో" అని లేచి, షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ గోడకు ఆనించి ఒక నల్లరాయి. నిలువెత్తు, రెండంగుళాల మందం, ముఖం అద్దంలా మెరుస్తోంది. ఒక మూల మాత్రం చెయ్యంత ముక్క విరిగిపోయింది. "బండికెత్తంగ జారింది సారూ. వాళ్లకు వేరేది చెక్కిచ్చిన. దీన్ని ఏం చేసుకోను? షాబాదు ధరకే తీసుకపో."

ముఖం మీద అక్షరాలున్నాయి. చదివాను. మా మందిరంలో ముప్పై ఏళ్లు గంట కొట్టిన గంట తాత పేరు. పేరు పైన ఒక చిన్న గంట బొమ్మ, కాస్త ఎడమకు ఒరిగి. భర్తకు సమాధిరాయి చెక్కించేటప్పుడు, నాకు చదువు రాదు, గుర్తుపట్టడానికి గంట పెట్టుమని ఆయన భార్య, మేమందరం పెద్దమ్మా అని పిలిచే ముసలమ్మ, అడిగి మరీ పెట్టించిందట. ఉలి మామ గంట చెక్కడం అదే మొదటిసారి, అందుకే ఆ వంకర. తాత నాకు బాగా తెలుసు. కుర్రతనంలో నేను రోజూ ఆలస్యంగా వస్తానని, ఆదివారాలు అందరికోసం కొట్టినాక ఆగి, మా సందు వైపు చూసి, నాకోసం ఇంకో దెబ్బ వేసేవాడు. ఆయన్ని పూడ్చిన రోజు ముందు నిలబడి పాట ఎత్తుకున్నవాణ్ణి నేనే.

ఇంత తెలిసీ కొన్నాను. "నున్నటి దిక్కు పైకి పెట్టుకో సారూ, రొట్టెలు మంచిగ వత్తుకోవచ్చు. అక్షరాలల్ల జర పిండి ఇరుకుతది, గంతే" అన్నాడు మామ, ఏ కల్మషమూ లేకుండా. నేను మాత్రం అక్షరాలు కిందికి, గరుకు వైపు పైకి పెట్టించి, ఆ గరుకును సానరాయితో, నీళ్లతో వారం రోజులు సాయంత్రాలు రుద్దాను. మేస్త్రీ పోతూ పోతూ, "కింద గూడ ప్లాస్టర్ కొట్టాలంటె ఇంకో సిమెంటు బస్తా తేవాలె సారూ" అన్నాడు. సిమెంటు దొరకడమే గగనమైన రోజులు. "కింద ఎవరు చూస్తరు?" అన్నాను. ఆ మూడు మాటలూ దేవుడు ఎక్కడో రాసిపెట్టుకున్నాడు.

గట్టు ముందు నా భార్య పాత చీరతో పరదా కట్టింది. మొదటిరోజు చాయ పెట్టి, పని అయిపోయినా అక్కడే కాసేపు ఊరికే నిలబడింది, బండ మీద అరచెయ్యి ఆనించి. "గింత మంచి రాయి మనకు ఎట్ల దొరికింది?" అని అడిగింది. "దేవుడిచ్చిండు" అన్నాను. దేవుడిచ్చాడన్నాక మా ఇంట్లో ఎవరూ రసీదు అడగరు.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఆదివారం మందిరంలో, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. షాబాదు బండ విరగడం, ఉపవాసం, సైకిలు ఆగడం, ఒకరికి పనికిరాదని పక్కనపెట్టిన రాయినే దేవుడు నా ఇంట్లో నిలిపిన విధం, అన్నీ చెప్పాను. ఎక్కడ ఆగిందో, ఎవరు పక్కనపెట్టారో మాత్రం చెప్పలేదు. ఆడవాళ్ల వైపు నుంచి అందరికంటే గట్టిగా "స్తోత్రం" అన్నది పెద్దమ్మే. ఆ స్తోత్రం నా చెవిలో వేడి నూనెలా పడింది. అది చాలదన్నట్టు అయ్యగారు, అదే మా పాస్టరుగారు, లేచి, "ఈ శనివారం స్త్రీల కూటం సారు వంటింట్లోనే పెట్టుకుందాం, ఆ రాయిని మనం కూడా చూద్దాం" అన్నారు.

శనివారం నాలుగింటికి బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా చాపలు పరిచి ఉన్నాయి. వంటింట్లోకి తొంగి చూశాను. గట్టు ముందు పరదా లేదు. "చుట్టాలొస్తాండ్రు గదా, మాసిందని ఉతికి దండెం మీద ఆరేసిన" అంది నా భార్య, ఎంతో సంతోషంగా. మళ్లీ కట్టడానికి వీల్లేకుండా అది ఇంకా నీళ్లు కారుతోంది. అప్పుడు నా బుర్రకు తట్టిన సంగతి ఏమిటంటే, గట్టు కింద ఎవరూ చూడరన్నది నిలబడే మనుషుల లెక్క. కూటానికి వచ్చినవాళ్లు కూర్చుంటారు. మా ప్రార్థనలన్నీ నేలమీదే.

పెద్దమ్మను చల్లగా ఉంటుందని వంటింట్లోనే, గట్టుకు ఎదురుగా గోడకు ఆనించి కూర్చోబెట్టారు. పడమటి కిటికీ నుంచి ఎండ వాలి, గట్టు కింద నేలమీద పడి, ఆ వెలుగు పైనున్న నల్లటి అద్దాన్ని వెలిగిస్తోంది. పాట అయింది. అయ్యగారు నన్నే ప్రార్థన చేయమన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారని కాస్త ధైర్యం తెచ్చుకుని, "తండ్రీ, మాకు దయచేసిన ఈ రాయి కోసమై" అని మొదలుపెట్టానో లేదో,

"బిడ్డా, గా గంట ఎక్కడిది?" అంది పెద్దమ్మ.

ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదన్న నియమం ఆమెకు తెలియక కాదు. నేనూ నియమం ప్రకారమే కళ్లు తెరవలేదు. ఆమేన్ అంటే కళ్లు తెరవాలి, కాబట్టి ఆమేన్ అనలేదు. ధర్మసాగర్ చెరువు నిండాలని ప్రార్థించాను. కేసముద్రం మార్కెట్లో రైతుల ధాన్యం తడవకూడదని ప్రార్థించాను. అధికారుల కోసం, ఆఫ్రికాలో అనాథల కోసం, రైళ్లలో ప్రయాణించేవాళ్ల కోసం ప్రార్థించాను. ఆ ఊపులో స్టేషన్ రోడ్డు గుంతల కోసం కూడా మొరపెట్టాను. ఇక లోకంలో ఎవరూ మిగల్లేదు. అప్పుడు నా భార్య గొంతు వినిపించింది, చాలా దగ్గరగా.

"సారూ, ఇగ ఆమేన్ అనుండ్రి." ఆమె నన్ను సారూ అని పిలిచిందంటే నా పని అయిపోయినట్టే.

కళ్లు తెరిచాను. నా భార్య గట్టు ముందు వంగి అక్షరాలు చదివి లేస్తోంది. స్టవ్ మీది చాయ గిన్నె దించి నేలమీద పెట్టింది, తరువాత చక్కెర డబ్బా, తరువాత రొట్టెల పీట. ఒక్కొక్కటీ దించుతుంటే, ఆమె మళ్లీ నేలమీదికి, ఆ పొగలోకి దిగిపోతున్నట్టే అనిపించింది నాకు. "పెద్దమ్మా, నాకు తెల్వదు. నీ మీద ఒట్టు, తెల్వదు. రేపే తీపిస్త" అంది. అయ్యగారు తన చేతిలోని వాక్యపుస్తకం అట్టను శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

పెద్దమ్మ పాకుతూ వచ్చి, గట్టు కిందికి చెయ్యి పోనిచ్చి, ఆ వంకర గంటను వేళ్లతో తడిమింది. విరిగిన మూల దాకా తడిమింది. "ఆయనదే. మూల ఇరిగిందంటె చెక్కినోడు పారేసిండనుకున్న" అంది. నేను చచ్చిపోవడానికి అది మంచి సమయమని నాకనిపించింది, కాని రాయి అప్పటికే వాడకంలో ఉంది.

చివరికి పెద్దమ్మ నా భార్య వైపు తిరిగింది. "తీపిచ్చి? మల్ల పొట్టు పొయ్యి ముందల కూసుంటవా? కండ్లు పోగొట్టుకుంటవా? మా ముసలోడు బతికినన్ని దినాలు ఒక్కనాడు వంటింట్లకు రాలే. నీళ్లు గూడ గుమ్మంల నిలబడే అడిగెటోడు. ఇప్పుడన్న వచ్చిండు, ఉండనియ్యి. ఆయనకు చల్లగుంటె పడదు. స్టవ్ అంటియ్యి బిడ్డా, చాయ తాగుత."

ముందు అయ్యగారు నవ్వారు, తరువాత అందరూ. నా భార్య నవ్వుతూనే ఏడుస్తూ గిన్నె మళ్లీ పైన పెట్టింది. నేను కూడా నవ్వబోతుంటే పెద్దమ్మ ఆపింది.

"నువ్వు నవ్వకు. ఆ దినం సాక్ష్యం సగమే చెప్పినవు. నేను దానికి పూరాగ స్తోత్రం అన్న. మిగిలిన సగం రేపు చెప్పు, లేకపోతె నా స్తోత్రం నాకు మర్లియ్యి."

చెప్పాను. మందిరంలో అందరి ముందూ, అబద్ధం ఆడకుండానే దేవుణ్ణీ పెద్దమ్మనూ ఎలా మోసం చేశానో చెప్పాను. ఈసారి "స్తోత్రం" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చాలాసేపటికి ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు వచ్చింది. మొదటిసారి కంటే మెల్లగా వచ్చింది, అదే నాకు మిగిలింది. ఆ తరువాత పెద్దమ్మ పోయేదాకా ప్రతి శనివారం మా వంటింట్లో, అదే గోడకు ఆనుకుని చాయ తాగింది. పరదా ఇంకెప్పుడూ కట్టలేదు.

నా భార్య కళ్లు, దేవుడి దయవల్ల, ఇప్పటికీ నా చొక్కాకు ఊడిన గుండీని వీధి చివరి నుంచి చూడగలుగుతున్నాయి. ఆమె మోకాళ్లే మొరాయించాయి, అందుకని పొద్దున చాయ నేనే పెడుతున్నాను. మొన్న స్పూను జారి గట్టు కిందికి దొర్లింది. వంగి తీసుకున్నాను కాని లేవలేకపోయాను. చెయ్యి పైకి చాచి రాయి అంచును పట్టుకుంటే, వేళ్లు సరిగ్గా గంటలో పడ్డాయి. ఎప్పుడూ ఆలస్యంగా లేచే ఆ కుర్రవాడి కోసం తాత ఇంకో దెబ్బ వేసినట్టయింది. దాన్ని పట్టుకునే లేచాను. "ఏందయ్యా, కింద ఏం చేస్తాన్నవు?" అని గదిలోనుంచి అడిగింది నా భార్య. ఏమీ లేదని చెప్పబోయి, ఆగి, ఉన్నదున్నట్టు పూరాగా చెప్పాను.

చదివే పెద్దలారా, చెల్లెళ్లారా, మీరూ ఒక్క నిమిషం నాతో కళ్లు మూసుకోండి. తండ్రీ, ఆ తాతను, ఆ పెద్దమ్మను నీ దగ్గర వెచ్చగా ఉంచు. పొగలో కూర్చుని వండుతున్న తల్లుల కళ్లు కాపాడు. సగం సాక్ష్యాలు చెప్పే మావంటి వాళ్లకు మిగిలిన సగం అడిగే మనిషిని ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టు. ఈసారి ప్రార్థన పొడిగించను.

ఆమేన్.