కాళ్లు కడిగిన నీళ్లు

నిమ్మమొక్కను నా భార్య గోళెం పక్కనే నాటింది. ఇంటికి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుంటే ఆ నీళ్లే దానికి చాలునని ఆమె ఆలోచన. గేటు లోపల నీళ్లు నింపిన సిమెంటు గోళెం, దాని మీద చెంబు, కింద బండ. బండ మీద పడ్డ నీళ్లు వాలుగా పాదులోకి పోయేవి. మా ఇంటికి వచ్చేవాళ్లు తక్కువ. ఆ నీళ్లు సరిపోయేవే.

ఆ చలికాలం మొదట్లో నా భార్య పోయింది.

తర్వాత జనం వచ్చారు. నెల్లికుదురు వైపు నుంచి చుట్టాలు వచ్చారు. కేసముద్రం మార్కెట్‌కు పత్తి తెచ్చినవాళ్లు ట్రాక్టర్లు రోడ్డు మీద ఆపి వచ్చారు. చావు జరిగిన ఇల్లు కాబట్టి లోపలికి వచ్చేముందు కాళ్లు కడుక్కున్నారు, వెళ్లేముందు మళ్లీ కడుక్కున్నారు. మొక్క ఎవరు నాటారో తెలిసినవాళ్లు పాదులో ఇంకో చెంబు పోశారు. మా వాడకట్టులోని ముసలామె అయితే వచ్చినప్పుడల్లా పోసేది.

"చాలు అవ్వా," అన్నాను ఒకసారి.

"ఊకో బాపు. నా బిడ్డ పెట్టిన చెట్టు. నీళ్లే గదా, నీ సొమ్మేం పోయింది?"

నేనూ పోశాను. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. నిద్ర పూర్తిగా వదలకుండానే గోళెం దగ్గర నిలబడేవాడిని. మంచులో స్టేషను లైట్లు అంచులు లేకుండా కనిపించేవి. గూడ్సు బండి చప్పుడు ఆగిపోయిందో, నేనే వినడం మానేశానో తెలిసేది కాదు. పాదులో నీళ్లు కాసేపు నల్లగా నిలిచి, మెల్లగా లోపలికి దిగేవి. అవి దిగుతున్నంతసేపూ నా వెనక వంటింట్లో ఆమె గిన్నెలు సర్దుతున్నట్టే ఉండేది. లేదని తెలుసు. తెలిసినా వెనక్కి తిరిగేవాడిని కాదు.

ఆకులు పసుపుబారాయి. దప్పిక అనుకుని ఇంకా పోశాను. ఇంట్లో ఆమె చేత్తో పెట్టినవాటిలో ఇంకా పెరగాల్సింది అదొక్కటే. అది ఎండిపోతుందేమోనని భయం పట్టుకుంది. కొన్నాళ్లకు నీళ్లు దిగడం మానేశాయి. పొద్దెక్కినా పాదులో అలాగే నిలిచి ఉండేవి.

డోర్నకల్ నుంచి మా వదిన వచ్చింది, నా భార్యకు సొంత అక్క. గేటు తీయగానే ఆగిపోయింది.

"ఏంది మరిదీ, గిక్కడ వరి నాటేసినవా?"

"ఆకులు పండుతున్నయి వదినె. నీళ్లు చాల్తలేవేమో."

"చాలకనా? గిది వరి గాదు, నిమ్మ. ఏర్లు మురుగుతున్నయి." మట్టిలో వేలు దింపి వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. కుళ్లు వాసన. "చిన్నప్పుడు చెర్ల దిగుమంటే గట్టు మీదనే కూసునేది అది. నీళ్లంటే అంత భయం. దాని చెట్టును ఊరంత గల్సి ముంచిర్రు గదా!"

నవ్వింది. నవ్వుతూనే బండ మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం గోళెం ఖాళీ చేసి, దొర్లించుకుంటూ అవతలి గోడ దగ్గరికి చేర్చాం. పారతో పాదు గట్టు తెంపి నీళ్లు వదిలేశాం. ఊరికి వెళ్లేముందు ఆమె చెప్పింది: "పొద్దుగాల ఏలు పెట్టి చూడు. తడి తగిల్తె పొయ్యకు. ఎంత పాణం గొట్టుకున్నా పొయ్యకు."

పొద్దున్నే లేచి వేలు పెట్టేవాడిని. తడి. చల్లగా, గోరు లోపలికి ఎక్కే తడి. చేతికి ఇంకే పనీ లేక అలాగే కూర్చుండిపోయేవాడిని. వెనక గిన్నెల చప్పుడు లేదు. రావలసినవాళ్లంతా వచ్చి వెళ్లారు, గేటు తెరుచుకోవడం తగ్గింది. ముసలామె కూడా పత్తి ఏరడానికి పోతోంది. ఎవరూ రాకపోవడం నాకు కష్టంగా ఉంది. మొక్కకు కావలసింది అదే. ఆకులు దాదాపు అన్నీ రాలాయి. గోటితో బెరడు గీకి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంది.

ఎండ ముదిరాక ఒక పొద్దున కణుపు దగ్గర ఆవగింజంత చిగురు కనిపించింది. మట్టిలో వేలు పెట్టాను. పొడిగా తగిలింది. ఇంకా లోపలికి దింపాను. అక్కడా పొడే.

అవతలి గోడ దగ్గరికి వెళ్లి ఒక చెంబు ముంచి తెచ్చి, మొదలుకు దూరంగా పోశాను. నీళ్లు నిలవకుండా దిగిపోయాయి.

ఇంకొక చెంబు పోయాలనిపించింది. గోళెం దాకా వెళ్లి, చెంబు దాని మీద బోర్లించి ఇంట్లోకి వచ్చాను.